ట్రాక్టరు కొంటున్నారా.. ముందు మీ నేలను అడగండి

నరసరావుపేట గ్రామీణం: మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు చేరి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేసవి వచ్చిందంటే పల్నాడు పల్లెల్లో ట్రాక్టర్ల చర్చ మొదలవుతుంది. టీ కొట్టు బల్లపై కూర్చున్న నలుగురిలో ఒకరు మహీంద్రాకు తిరుగులేదంటారు. రెండోవారు స్వరాజ్ లాగినంత బరువు మరేదీ లాగదని వాదిస్తారు. మూడోవారు మాసీ ఎంత తక్కువ డీజిల్ తాగుతుందో లెక్క చెబుతారు. జాన్ డీర్ తోలినవాడు మరో బండి ఎక్కడని నాలుగోవారు తేల్చేస్తారు. నలుగురూ చెప్పేది తమ అనుభవమే. నలుగురి పొలాలు మాత్రం ఒక్కటి కావు. ఒకరిది సాగర్ కుడికాలువ కింద మాగాణి, మరొకరిది వాన మీద ఆధారపడిన నల్లరేగడి పత్తి చేను, ఇంకొకరిది రాళ్లు తేలిన ఎర్రనేల. నాలుగోవారికి పొలమే లేదు, ట్రక్కు కట్టి కిరాయికి తోలుతారు.

ఈ తేడాను గమనించకుండా కొన్నవారు నష్టపోయిన ఉదంతాలు ప్రతి మండలంలోనూ కనిపిస్తాయి. వినుకొండ వైపు ఒక గ్రామంలో ఆరెకరాల రైతు కొన్నేళ్ల క్రితం 55 హెచ్‌పీ బండిని ఫైనాన్సుపై తెచ్చుకున్నారు. ఊళ్లో అదే పెద్ద బండి. చూడముచ్చటగా ఉండేది. అయితే ఆ చుట్టుపక్కల అన్నీ చిన్న చిన్న మడులు. గట్ల మధ్య అది తిరగడానికే సగం సమయం పోయేది. పక్క రైతులు చిన్న బండ్లను పిలుచుకుని తక్కువ కిరాయికి పని కానిచ్చుకున్నారు. మూడో ఏడు ఆరు నెలల వాయిదాలు రెండు తప్పాయి. బండిని ఫైనాన్సువారు తీసుకెళ్లగా, మిగిలిన బాకీ కోసం రెండెకరాలు అమ్మవలసి వచ్చింది. ఇందులో బండి లోపం ఏమీ లేదు. ఆ పొలానికి, ఆ ఊరి పనికి అది సరిపడని బండి, అంతే.

బానెట్‌పై అంకె బలం కాదు

ట్రాక్టరు పేరులోని అంకెను చూసి శక్తిని అంచనా వేయడం పరిపాటి. మహీంద్రా 575, స్వరాజ్ 744, మాసీ 241, న్యూహాలండ్ 3630 అన్నవి మోడల్ అంకెలే తప్ప అశ్వశక్తిని చెప్పేవి కావు. మహీంద్రా 575 డీఐ 45 హెచ్‌పీ తరగతికి చెందినది. మాసీ 241 డీఐ 42 హెచ్‌పీ. జాన్ డీర్ 5050 డీలో చివరి రెండంకెలు హెచ్‌పీని సూచిస్తాయి గానీ అదే కంపెనీ 5310కి ఆ సూత్రం వర్తించదు. అది 55 హెచ్‌పీ బండి. కాబట్టి 744 పెద్దదా, 575 పెద్దదా అన్న వాదనకు అర్థం లేదు.

హెచ్‌పీలోనూ రెండు రకాలున్నాయి. కరపత్రంపై పెద్ద అక్షరాలతో వేసేది ఇంజిన్ హెచ్‌పీ. రైతుకు అక్కరకు వచ్చేది వెనుక తిరిగే పీటీవో ఇరుసు వద్ద మిగిలే శక్తి. రోటవేటర్, నూర్పిడి యంత్రం, పురుగుమందు కొట్టే పెద్ద స్ప్రేయరు తిరిగేది దాని బలంతోనే. గేర్లలో, పంపులలో కొంత శక్తి ఖర్చవుతుంది కనుక పీటీవో హెచ్‌పీ ఎప్పుడూ ఇంజిన్ హెచ్‌పీకంటే తక్కువే. రెండు కంపెనీల 45 హెచ్‌పీ బండ్లలో ఒకదాని పీటీవో శక్తి రెండోదానికంటే మూడు నాలుగు హెచ్‌పీ తక్కువగా ఉండవచ్చు. బేరానికి కూర్చున్నప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. దాంతోపాటు, 540 చుట్ల పీటీవో వేగం రావడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో కూడా అడగాలి. తక్కువ చుట్లలోనే ఆ వేగం వస్తే శబ్దం, డీజిల్ ఖర్చు రెండూ తగ్గుతాయి.

ఈ వివరాలకు డీలరు మాటపైనే ఆధారపడనక్కర లేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. పీటీవో శక్తి, గంటకు డీజిల్ వాడకం, లాగే బలం, లిఫ్టు ఎత్తే బరువు, శబ్దం వంటివన్నీ అందులో నమోదై ఉంటాయి. మన ప్రాంత రైతులకు యంత్రాల నిర్వహణలో శిక్షణ ఇచ్చే కేంద్రం అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. బండి కొన్న తర్వాత డ్రైవరునో, కొడుకునో అక్కడికి పంపితే ఖర్చు వృథా కాదు.

రేగడిలో అక్కరకొచ్చే బరువే మాగాణిలో భారం

పల్నాడులో ట్రాక్టరుకు అసలు పరీక్ష నల్లరేగడి దుక్కి. పత్తి పీకిన తర్వాత నెర్రెలు విచ్చిన నేలను వేసవిలో లోతుగా దున్నాలంటే ఇంజిన్‌కు బలం ఉంటే చాలదు. ఆ బలాన్ని టైర్లు నేలకు అందించాలి. బండి తేలికైతే చక్రం తిరుగుతుందే గానీ బండి ముందుకు సాగదు. డీజిల్ కాలుతుంది, టైరు అరుగుతుంది, ఎకరం మాత్రం తెగదు. చాలామంది దీన్ని ఇంజిన్ బలహీనతగా పొరబడతారు.

దీన్ని కొలిచే తేలిక మార్గం ఒకటుంది. వెనుక టైరుపై సుద్దతో గీత గీసి, నాగలి ఎత్తి పెట్టి, చక్రం పది చుట్లు తిరిగేసరికి బండి ఎంత దూరం పోయిందో కొలవాలి. ఆ తర్వాత నాగలి దింపి దున్నుతూ అదే పది చుట్లు కొలవాలి. మొదటిసారి 40 మీటర్లు పోయిన బండి రెండోసారి 34 మీటర్లు పోతే జారుడు 15 శాతం. అంతవరకు ఫర్వాలేదు. 30 మీటర్లకే ఆగిపోతే నాలుగో వంతు డీజిల్ గాలికి పోయినట్టే. అప్పుడు చక్రాలకు ఇనుప బరువులు బిగించడం, టైర్లలో ముప్పాతిక వంతు నీరు నింపడం చేయాలి. కొత్త బండి కొనాలన్న ఆలోచన ఆ తర్వాతి మాట.

సాగర్ నీరు వదిలిన తర్వాత మాగాణిలో ఈ లెక్క తలకిందులవుతుంది. దమ్ములో బరువైన బండి దిగబడుతుంది. ఒక్కసారి ఇరుసు దాకా కూరుకుందంటే మరో బండి వచ్చి లాగవలసిందే. అందుకే దాదాపు 1700 కిలోల బరువుండే మాసీ 1035 వంటి 36 హెచ్‌పీ బండ్లు వరి ఊళ్లలో ఇన్నేళ్లుగా నిలదొక్కుకున్నాయి. అవి పాతబడినవని నవ్వేవారు జులై, ఆగస్టుల్లో అటువైపు వెళ్లి చూడాలి. రెండు టన్నులు దాటిన 5310 వంటి బండి మెట్టలో గట్టిగా లాగుతుంది. అడుగు గట్టిగా లేని బాడవలో దాన్ని దింపాలంటే మాత్రం యజమానే వెనుకాడతారు. ముందు చక్రాలూ లాగే నాలుగు చక్రాల బండ్లు గత కొన్నేళ్లలో మాగాణి రైతులను ఆకర్షించడానికి కారణం ఇదే. బరువు పెంచకుండానే పట్టు పెరుగుతుంది. అయితే ధర ఎక్కువ, ముందు ఇరుసుకు నిర్వహణ ఎక్కువ, ముందు టైర్ల అరుగుదలా ఎక్కువే. సంవత్సరంలో పదిహేను రోజుల దమ్ము కోసం ఆ ఖర్చు పెట్టాలా, ఆ పదిహేను రోజులకు బండిని కిరాయికి పిలవాలా అన్నది ఎవరి లెక్క వారు వేసుకోవాలి.

దమ్ము చేసేవారు చూడవలసిన మరో అంశం బ్రేకులు. పాత తరహా పొడి డిస్కు బ్రేకుల్లోకి బురద నీరు చేరితే పట్టు సడలుతుంది. నూనెలో మునిగి ఉండే బ్రేకులకు ఆ బాధ తక్కువ. ఇప్పుడు చాలా కంపెనీలు ఇవే ఇస్తున్నా, కొన్ని మోడళ్లలో రెండు రకాలూ ఉన్నాయి. వాటిలో ఏది ఇస్తున్నారో బిల్లులో రాయించుకోవాలి. దమ్ము చక్రాలతో తారు రోడ్డెక్కే అలవాటు గురించి ఇక్కడ రాయడం అనవసరం. ఊరి రోడ్డును చూస్తే చాలు.

లిఫ్టుకు సంబంధించిన రెండు లివర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకటి పనిముట్టును కోరిన ఎత్తులో నిలిపేది. రెండోది నాగలిపై పడే ఒత్తిడిని బట్టి దానంతటదే కొద్దిగా ఎత్తి దించేది. గట్టి నేల తగిలినప్పుడు ఇంజిన్ కూలబడకుండా కాపాడేది ఈ రెండో లివరే. మన డ్రైవర్లలో ఎక్కువమంది దాని జోలికే పోరు. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన లివర్లను ఈ విలేకరి స్వయంగా చూశారు. అలాంటి బండి లిఫ్టు మంచిదా, ఈ బండి లిఫ్టు మంచిదా అని పోల్చడంలో ప్రయోజనం లేదు.

ఎవరి గుణం ఏమిటి?

ఇక కంపెనీల విషయం. ఒక చిత్రం ముందే చెప్పాలి. రచ్చబండపై మహీంద్రా, స్వరాజ్ అంటూ పంతాలకు పోయేవారు ఒకే ఇంటి బండ్ల గురించి తగవు పడుతున్నారు. స్వరాజ్‌ను తయారుచేసే పంజాబ్ ట్రాక్టర్స్‌ను మహీంద్రా 2007లో చేజిక్కించుకుంది. ఐషర్ ట్రాక్టర్లను 2005లో చెన్నైకి చెందిన టాఫే కొన్నది. మాసీ ఫెర్గూసన్ పేరుతో అమ్ముతున్నదీ టాఫేనే. ఆ పేరుపై అమెరికా కంపెనీతో నడిచిన వివాదం 2025లో సర్దుబాటై, భారత్‌లో పేరు టాఫేకే దక్కింది. ఫార్మ్‌ట్రాక్, పవర్‌ట్రాక్, కుబోటా మూడూ ఇప్పుడు ఎస్కార్ట్స్ కుబోటా గొడుగు కిందివే. యజమాని ఒకరే అయినా బండ్ల నిర్మాణం వేర్వేరు. విడిభాగాలు ఒకదానివి మరొకదానికి పనికిరావు.

మహీంద్రా ట్రాక్టర్ల ప్రస్థానం 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ భాగస్వామ్యంతో, బి-275 మోడల్‌తో మొదలైంది. 475, 575 నాలుగు సిలిండర్ల బండ్లు. 575 ఇంజిన్ 1900 చుట్ల వద్దే పూర్తి శక్తినిస్తుంది. దున్నడం, దమ్ము, ట్రక్కు అన్నింటికీ మధ్యేమార్గంగా ఉండటం దీని గుణం. ఏ ఒక్క పనిలోనూ మొదటి స్థానం ఇవ్వకపోయినా, ఏ పనికీ పనికిరాదని చెప్పలేం. సంస్థకు జహీరాబాద్‌లోనూ కర్మాగారం ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, చిన్న పట్టణంలోనూ దీని సామాను దొరుకుతుంది. ఆ విషయానికి మళ్లీ వద్దాం.

స్వరాజ్ పూర్తిగా మన దేశంలో రూపుదిద్దుకున్న బండి. దుర్గాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనాలయం రూపొందించిన నమూనా ఆధారంగా 1974లో స్వరాజ్ 724 మొహాలీలో తయారైంది. 744లో సిలిండర్లు మూడే అయినా ఇంజిన్ ఘనపరిమాణం మూడు లీటర్లు దాటుతుంది. పెద్ద సిలిండర్ల కారణంగా బరువు పడినప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా కూలబడదు. ట్రక్కు లాగేవారు దీన్ని మెచ్చుకోవడంలో అర్థముంది. నిర్మాణం సరళం. ఊరి మెకానిక్ చేయి పడినా భయం లేదు. సీటు, స్టీరింగు వంటి సుఖాల విషయంలో పాత మోడళ్లు కొంత మొరటు.

మాసీ గుణం పైన చెప్పుకున్నదే. తేలిక, పొదుపు, వరి పొలానికి అనువు. అయితే 1035తో ఆరడుగుల రోటవేటర్ తిప్పాలనుకోవడం దానిపై దౌర్జన్యం చేయడమే. అయిదడుగులదానితో సరిపెట్టుకోవాలి. మెట్ట దుక్కి ఎక్కువగా ఉన్నవారు అదే కంపెనీలో పై తరగతి చూడటం మేలు.

జాన్ డీర్ వచ్చాక మన ప్రాంతంలో డ్రైవరు సుఖం అనే మాట పుట్టిందని చెప్పవచ్చు. పక్కన గేర్లు, పవర్ స్టీరింగు, నూనె బ్రేకులు ముందుగా అలవాటు చేసిన కంపెనీల్లో ఇదొకటి. రోజుకు పది పన్నెండు గంటలు కిరాయికి తోలేవారికి ఈ సుఖం చిన్న విషయం కాదు. నడుము నొప్పితో డ్రైవరు మానేస్తే బండి షెడ్డులో ఉంటుంది. అయితే కొనుగోలు ధర ఎక్కువ. పాత కంపెనీల సామానులా ప్రతి దుకాణంలోనూ దీని సామాను దొరకదు, డీలరు వద్దకే వెళ్లవలసి వస్తుంది. సొంత పొలం మాత్రమే చేసుకునే చిన్న రైతుకు ఆ అదనపు ధర తిరిగి రావడం కష్టం.

న్యూహాలండ్ 3630 రోటవేటర్‌కు, పెద్ద పనిముట్లకు పేరు పడింది. హోషియార్‌పూర్ నుంచి వచ్చే సోనాలికా ఒకే ధరలో కాస్త ఎక్కువ హెచ్‌పీ ఇస్తామని పోటీ పడుతుంది. కొనేవారు పీటీవో అంకెను అక్కడే సరిచూసుకోవాలి. కుబోటా వరి పండించే జపాన్ నుంచి వచ్చిన బండి. దాని నాలుగు చక్రాల మోడళ్లలో ముందు ఇరుసు బురద చొరబడకుండా మూసి ఉండే నిర్మాణంతో ఉంటుంది. మాగాణి రైతు ఒకసారి చూడదగినది.

పదకొండు రోజుల కథ

పైన చెప్పిన గుణదోషాలన్నీ ఒక ఎత్తు, విడిభాగాలు మరో ఎత్తు. ఇది ఈ విలేకరి ఇంట్లో జరిగిన సంగతి. మా చిన్నాన్న ఒక కంపెనీ బండిని ఇష్టపడి, దూర పట్టణంలోని డీలరు వద్ద కొన్నారు. కంపెనీ పేరు ఇక్కడ అప్రస్తుతం. రెండేళ్లు బాగానే తిరిగింది. మూడో ఏడు కాలువకు నీళ్లు వదిలిన వారంలో లిఫ్టు పంపు పోయింది. పనిముట్టు పైకి లేవదు, దమ్ము ఆగిపోయింది. డీలరు వద్ద ఆ పంపు లేదు. హైదరాబాద్ నుంచి రావాలన్నారు. వచ్చింది మరో మోడల్‌ది. తిప్పి పంపి, సరైనది తెప్పించేసరికి పదకొండు రోజులు గడిచాయి. నారు ముదిరిపోయింది. చివరికి తన బండి షెడ్డులో పెట్టుకుని, పక్క ఊరి బండికి ఎకరానికి ఇంత అని కిరాయి కట్టి దమ్ము చేయించారు. ఆ ఏడు కట్టిన వాయిదా కంటే ఆ కిరాయే ఆయనను ఎక్కువ బాధించింది. ఆ తర్వాత బండి పంపు మళ్లీ పోలేదు. కానీ ఆయన నమ్మకం పోయింది. ఏడాది తిరగకుండానే అమ్మేశారు.

అందుకే కొనడానికి ముందు చేయవలసిన పని షోరూమ్‌కు వెళ్లడం కాదు. నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల, సత్తెనపల్లి.. మీకు దగ్గరి పట్టణం ఏదైతే అక్కడి విడిభాగాల దుకాణానికి వెళ్లి, మనసులో ఉన్న మోడల్‌కు క్లచ్ ప్లేటు, లిఫ్టు పంపు, వాటర్ పంపు, ముందు ఇరుసు బుష్‌లు ఉన్నాయా అని అడగాలి. ధర కూడా అడగాలి. ఆ తర్వాత మీ ఊరికి పిలిస్తే వచ్చే మెకానిక్ ఏ బండ్లు విప్పగలడో కనుక్కోవాలి. మీ చుట్టూ అయిదారు ఊళ్లలో ఆ మోడల్ బండ్లు ఎన్ని ఉన్నాయో లెక్కించాలి. ఎక్కువ బండ్లున్న చోటే సామానూ ఉంటుంది, మెకానిక్కూ ఉంటాడు. ఊరంతా ఒకే కంపెనీ కొంటున్నారని పట్టణవాసులు నవ్వుతారు గానీ అందులో గొర్రెదాటు కంటే వివేకమే ఎక్కువ.

కంపెనీయే మూతపడితే ఎలా ఉంటుందో హెచ్‌ఎంటీ ట్రాక్టరు యజమానులకు తెలుసు. జెటర్ పరిజ్ఞానంతో 1971లో పింజోర్‌లో మొదలైన ఆ ప్రభుత్వ రంగ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. 3511, 5911 బండ్లను ప్రాణంలా చూసుకున్న రైతులు ఆ తర్వాత బయటి తయారీ భాగాలతో నెట్టుకురావలసి వచ్చింది. బండి ఎంత గట్టిదైనా దాని వెనుక కంపెనీ, డీలరు నిలబడి ఉండాలి.

50 హెచ్‌పీ గీత

కరపత్రాల్లో ఈ మధ్య 49 చిల్లర హెచ్‌పీ అన్న అంకె తరచూ కనిపిస్తోంది. దాని వెనుక ఒక నిబంధన ఉంది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 అనే కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. వాటిని అందుకోవడానికి కంపెనీలు కంప్యూటరు నియంత్రణలో డీజిల్ చిమ్మే ఇంజిన్లను అమర్చాయి. పొగ తగ్గుతుంది. అయితే ధర పెరిగింది. డీజిల్‌లో నీరు, చెత్త కలిస్తే అవి ఓర్వవు. పాత ఇంజిన్‌లా ఊళ్లో పంపు విప్పి బాగుచేయడమూ కుదరదు. లోపం ఏమిటో తెలుసుకోవడానికే డీలరు వద్ద ఉండే పరికరం కావాలి. ఆ గీతకు దిగువన ఉండేందుకే కంపెనీలు 49 హెచ్‌పీ మోడళ్లను ముందుకు తెచ్చాయి. పెద్ద హార్వెస్టింగ్ పనులు, భారీ పనిముట్లు లేని రైతు ఈ గీత దాటవలసిన అవసరం పల్నాడులో తక్కువే. డబ్బాల్లో డీజిల్ తెచ్చి పొలంలో పోసుకునే అలవాటున్నవారు మరింత ఆలోచించాలి.

రోటవేటర్ వాడేవారు రెండంచెల క్లచ్ ఉన్న బండినే ఎంచుకోవాలి. ఒకే అంచె క్లచ్‌లో పెడల్ తొక్కగానే చక్రాలతోపాటు రోటవేటరూ ఆగుతుంది. రెండంచెలదైతే సగం తొక్కితే బండి ఆగుతుంది, రోటవేటర్ తిరుగుతూనే ఉంటుంది. సాలు చివర గేరు మార్చే ప్రతిసారీ ఈ తేడా తెలుస్తుంది.

మిర్చి సాళ్లకు బుల్లి బండి

మిర్చి, పత్తి చేలలో అంతరకృషికి కాడెద్దులు కరవయ్యాయి. ఎద్దుల అరక కిరాయి, కూలి రెండూ పెరగడంతో మినీ ట్రాక్టర్ల వైపు రైతులు చూస్తున్నారు. మహీంద్రా యువరాజ్ 215 ఒకే సిలిండరున్న 15 హెచ్‌పీ బండి. బెంగళూరు వీఎస్‌టీ శక్తి బండ్లు 18 హెచ్‌పీ చుట్టూ ఉన్నాయి. మహీంద్రా జీవో 245, కుబోటా బి2441 రెండూ 24 హెచ్‌పీతో నాలుగు చక్రాలూ లాగేవి. 2023లో మహీంద్రా విడుదల చేసిన ఓజా తరగతి తేలిక బండ్లు జహీరాబాద్‌లోనే తయారవుతున్నాయి. ఇవి మీటరుకు అటూ ఇటూ వెడల్పుతో సాళ్ల మధ్య నడుస్తాయి. అయితే సాళ్ల దూరాన్ని బండి చక్రాలకు తగ్గట్టు విత్తేనాడే పాటించాలి. బండి కొన్నాక సాళ్లు జరపలేం. ఇంకో మాట. మినీ బండితో రేగడిని లోతుగా దున్నాలని చూసి క్లచ్ కాల్చుకున్నవారున్నారు. అది ఎద్దుల జతకు బదులే తప్ప పెద్ద ట్రాక్టరుకు బదులు కాదు.

వాయిదా కట్టేది పని గంటలే

సొంత పొలానికి ట్రాక్టరు ఎంత అవసరమో లెక్క వేసి చూద్దాం. 45 హెచ్‌పీ బండి ఆరడుగుల రోటవేటర్‌తో గంటకు సుమారు ఎకరం, గొర్రుతో రెండెకరాల వరకు చేస్తుంది. పదెకరాల రైతు ఏడాదిలో నాలుగైదుసార్లు తిప్పినా అది యాభై గంటల లోపే. దమ్ము, ఎరువు తోలకం, టిక్కీల రవాణా అన్నీ కలిపినా నూట యాభై, రెండు వందల గంటలు దాటడం అరుదు. ట్రాక్టరు గిట్టుబాటుకు లెక్కల్లో తరచూ చూపేది ఏడాదికి వెయ్యి గంటల పని. మిగిలిన ఎనిమిది వందల గంటలకు కిరాయి దొరుకుతుందా? ఊళ్లో ఇప్పటికే ఎన్ని బండ్లున్నాయి? సంతకం పెట్టేముందు ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లోవారితో కలిసి కాగితంపై రాసుకోవాలి. జవాబు నిరాశాజనకంగా ఉంటే, తక్కువ గంటలు తిరిగిన సెకండ్ హ్యాండ్ బండి గానీ, అన్నదమ్ములు కలిసి కొనడం గానీ పరిశీలించవచ్చు.

కొనేవారికి ఊరటనిచ్చే విషయం ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 6 లక్షల రూపాయలున్న బండిపై పన్ను 72 వేల నుంచి 30 వేలకు దిగినట్టు. ట్రాక్టరు టైర్లు, విడిభాగాలపై 18 శాతం ఉన్నదీ 5 శాతమైంది. బిల్లులో ఈ తగ్గింపు కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. ఉచితంగా ఇస్తామన్న గొర్రు, టాపు, హుక్కు వంటివన్నీ కాగితంపై రాయించుకోవాలి. నోటిమాటగా ఇచ్చిన గొర్రు పొలానికి చేరిన దాఖలాలు తక్కువ.

ట్రక్కు తీసుకునేవారు దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలన్నది మరవరాదు. మిర్చి కోతల కాలంలో కూలీలను ట్రక్కులో ఎక్కించి తీసుకెళ్లడం చట్టవిరుద్ధమని తెలిసినా ఆగడం లేదు. వంపుల్లో, కాలువ కట్టలపై బోల్తా పడి మహిళా కూలీలు మరణించిన ఘటనలు ఏటా వింటూనే ఉన్నాం. ఏ కంపెనీ బండి బలమూ ఇక్కడ కాపాడదు. వెనుక బ్రేకులు లేని ట్రక్కును ముందున్న బండి ఆపలేదు.

బేరం కుదరకముందే డెమో అడగడం కొనేవారి హక్కుగా భావించాలి. షోరూమ్ ముందు తారు రోడ్డుపై తిప్పి చూపితే తెలిసేది రంగు, హారను మాత్రమే. మీ చేలో, మీ గొర్రుతో, మీ రోటవేటర్‌తో దున్నించాలి. ట్యాంకు అంచు దాకా డీజిల్ నింపి, ఒక ఎకరం పూర్తిచేసి, మళ్లీ అంచు దాకా నింపితే ఎన్ని లీటర్లు పట్టిందో అదే ఆ బండి అసలు వాడకం. రెండు కంపెనీల బండ్లను ఒకే రోజు, ఒకే చేలో, ఒకే లోతులో ఇలా కొలిస్తే టీ కొట్టు వాదన పూటలో తేలిపోతుంది. కొందరు డీలర్లు దీనికి వెనుకాడతారు. వెనుకాడని డీలరు వద్దకు వెళ్లాలి.

బండి ఇంటికి వచ్చిన రోజున ఇంజిన్, ఛాసిస్ నంబర్లను బిల్లుతో సరిపోల్చి, గంటల మీటరు చూసుకోవాలి. కొన్ని కంపెనీలు అయిదారేళ్ల వారంటీ ప్రకటిస్తున్నాయి. అది ఏయే భాగాలకు, ఎన్ని గంటల వరకు వర్తిస్తుందో పుస్తకంలో చదివించుకోవాలి. ఉచిత సర్వీసులు గడువులోగా చేయించి, ప్రతిసారీ జాబ్ కార్డు తీసుకోవాలి. తన జీవనోపాధి కోసం, స్వయంగా వాడుకునేందుకు ట్రాక్టరు కొన్న రైతు వినియోగదారుల పరిరక్షణ చట్టం కిందకు వస్తారు. 50 లక్షల రూపాయల వరకు చెల్లించి కొన్న వస్తువులపై జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు, ఆపైన 10 లక్షల వరకు 200 రూపాయలు. అయితే అక్కడ చూపవలసింది ఆ జాబ్ కార్డులే.